పాత తోలు కుట్టు మిషన్ కొంటున్నారా? పేరు తర్వాత, ముందు ఫుట్ చూడండి

పాత తోలు మిషన్ బేరం ఎక్కడ మొదలైనా ఒకే మాటతో మొదలవుతుంది: “సింగర్ అండీ, పాత ఇనుము, ఏదైనా కుట్టేస్తుంది.” అమ్మేవాళ్లు మోసం చేయాలని ఈ మాట అనరు. చాలామంది నిజంగానే అలా నమ్ముతారు. కానీ తోలు పనిలో ఏదైనా కుట్టేసే మిషన్ అంటూ లేదు. బూట్ల మరమ్మతు కోసం తయారైన మిషన్ మీద మందపాటి బెల్టు కుట్టలేం. గుర్రపు జీనుల కోసం తయారైనదాని మీద పర్సు పెడితే పర్సు పాడవుతుంది.

అందుకే నేను మూడు విషయాలు చూసి గానీ బేరం దాకా వెళ్లను. తోలును ముందుకు జరిపేది ఏది? ఎంత లావు దారం పడుతుంది? అరిగిన భాగం మళ్లీ దొరుకుతుందా? మిషన్ మీది బంగారు బొమ్మలు, తయారైన సంవత్సరం, పెయింటు మెరుపు ఇవన్నీ ఆ తర్వాతే.

ఇక్కడ మూడు పాత సింగర్ మిషన్లను పక్కపక్కన పెట్టి చూద్దాం: 29కె, 111డబ్ల్యూ155, 45కె. మొదటిది మన ఊళ్లలో చెప్పులు కుట్టేవారి దగ్గర, వాటి నకళ్లతో సహా, ఇప్పటికీ పనిచేస్తోంది. రెండోది అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు తేలిగ్గా తగులుతుంది. మూడోది అరుదు, అయినా బెల్టుల పని చేసేవాళ్లు దాని గురించి తెలుసుకోవాలి.

ముందు ఇంటి మిషన్ సంగతి

నల్లటి ఇంటి సింగర్‌నో, పాత ఉషానో ఫొటో తీసి “హెవీ డ్యూటీ, లెదర్ మిషన్” అని పెట్టే ప్రకటనలు చాలా కనిపిస్తాయి. పక్కన నాలుగు మడతల తోలును కుడుతున్న వీడియో కూడా ఉంటుంది. నాలుగు అంగుళాలు కుట్టి చూపించడం వేరు, రోజూ కుట్టడం వేరు. ఆ మిషన్లు బట్టల కోసం చేసినవి. పల్చటి జాకెట్ తోలు రెండు పొరలు, తోలు సూది, సన్నటి దారం వరకు ఫర్వాలేదు. అంతకు మించి పెడితే సూది వంగుతుంది, కుట్లు తప్పుతాయి, చివరికి లోపలి భాగాలు అరుగుతాయి. ఇంట్లో అమ్మమ్మ మిషన్ ఉంటే దాన్ని బట్టలకే ఉంచండి.

తోలును జరిపేది ఏది?

మామూలు మిషన్‌లో కింద ఉన్న పళ్లు బట్టను వెనక్కి తోస్తాయి, పైన ఉన్న ఫుట్ కేవలం నొక్కి పెడుతుంది. బట్ట జారుతుంది కాబట్టి ఈ ఏర్పాటు సరిపోతుంది. తోలు జారదు. పై పొర ఫుట్‌కు అతుక్కున్నట్టు ఆగిపోతుంది, కింది పొరను పళ్లు లాక్కుపోతాయి. ఒక జానెడు కుట్టేసరికి రెండు అంచులకు తేడా వస్తుంది. బ్యాగు పక్క ముక్క మెలి తిరిగిందంటే నూటికి తొంభై సార్లు కత్తిరింపులో తప్పుండదు, కారణం ఇదే.

దీనికి పాతకాలపు ఇంజనీర్లు వేర్వేరు దారులు వెతికారు. 29కెలో కింద పళ్లే లేవు. ఫుటే తోలును పట్టుకుని ఒక అడుగు జరిపి, లేచి, మళ్లీ ముందుకు వచ్చి పట్టుకుంటుంది. 111డబ్ల్యూ155లో సూది తోలులో దిగి ఉండగానే సూది, లోపలి ఫుట్, కింది పళ్లు మూడూ కలిసి జరుగుతాయి. పొరలన్నిటికీ సూది మేకులా గుచ్చుకుని ఉంటుంది కాబట్టి ఏ పొరా వెనకబడదు. దీన్నే వాకింగ్ ఫుట్ అనీ, కాంపౌండ్ ఫీడ్ అనీ అంటారు. 45కెలో ఎక్కువ రకాలు కింది పళ్లతోనే జరుపుతాయి, కాకపోతే ఆ పళ్లు చాలా పెద్దవి, ఫుట్ ఒత్తిడి కూడా చాలా ఎక్కువ. గట్టి తోలు సాగదు, మడత పడదు కాబట్టి అక్కడ ఆ మొరటు పద్ధతి చెల్లుతుంది.

మిగతా ఎంపికంతా ఈ తేడా నుంచే వస్తుంది.

29కె: మరమ్మతుకు దీన్ని మించింది లేదు

స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్లో సింగర్ కంపెనీకి కిల్‌బోవీ ఫ్యాక్టరీ ఉండేది. 1880ల్లో మొదలై 1980లో మూతపడింది. మోడల్ నంబర్‌లో ‘కె’ ఆ ఫ్యాక్టరీ గుర్తు. అక్కడ తయారైన 29కెకి సన్నటి పొడుగాటి చేయి ఉంటుంది, దాని చివర కింది దారం చుట్టే బాబిన్ ఉంటుంది. ఆ చేయి బూటు లోపలికి దూరిపోతుంది. ఫుట్‌ను చుట్టూ ఏ దిక్కుకైనా తిప్పవచ్చు, అంటే తోలును తిప్పక్కర్లేదు, కుట్టే దిశనే తిప్పుకోవచ్చు. బూటు మడమ దగ్గర చిరుగు, హ్యాండ్‌బ్యాగ్ మూల, సూట్‌కేస్ జిప్ లాంటి చోట్లకు మామూలు మిషన్ చేరలేదు. చేతి చక్రంతో ఒక్కో కుట్టూ వేసుకోవచ్చు, కాలితో తొక్కే స్టాండ్ ఉంటే కరెంటే అక్కర్లేదు.

దీని లోటు కూడా అక్కడే ఉంది. అంత సన్నటి చేతిలో పట్టాలంటే బాబిన్ చిన్నదిగా ఉండాలి. చిన్న బాబిన్ రకాల్లో కాస్త లావు దారం వేస్తే కొద్దిసేపటికే అయిపోతుంది. పెద్ద బాబిన్ రకాలు వేరే ఉన్నాయి. చేయి పొడవు కూడా ఉప నంబరును బట్టి 12 అంగుళాల దగ్గర ఒకటి, 18 అంగుళాల దగ్గర ఒకటి. రెండూ దొరికితే, పెద్ద బూట్లు కుట్టే పని లేకపోతే, చేయి పొడవు కన్నా పెద్ద బాబిన్‌కే నా ఓటు. దారం విషయంలో టెక్స్ (దారం లావు కొలత) 70 నుంచి 90 వరకు ఇది హాయిగా నడుస్తుంది. టెక్స్ 135 వేసి బెల్టులు కుడతానంటే మాత్రం రోజంతా టెన్షన్ (దారం బిగువు) సరిచేసుకుంటూ కూర్చోవాలి.

మన దగ్గర రీలు మీద ఎక్కువగా టికెట్ నంబరు ఉంటుంది. అది తగ్గే కొద్దీ దారం లావవుతుంది. టెక్స్ దానికి తిరగేసి: 1000 మీటర్ల దారం బరువు ఎన్ని గ్రాములో అదే టెక్స్, కాబట్టి సంఖ్య పెరిగితే లావు పెరుగుతుంది. 40 టికెట్ దారం సుమారు టెక్స్ 70, 30 టికెట్ సుమారు 90 నుంచి 100, 20 టికెట్ సుమారు 135 నుంచి 150. షాపుకు వెళ్లే ముందు ఇది గుర్తుంటే తప్పు రీలు ఇంటికి రాదు.

ఇక 29కె కొనేముందు చేయాల్సిన పరీక్ష. దీనికి అయిదు నిమిషాలు చాలు, వద్దనే అమ్మకందారు దగ్గర కొనొద్దు. ఒక దళసరి అట్టముక్కో, 2 మి.మీ. తోలు ముక్కో వెంట తీసుకెళ్లండి. దారం లేకుండా, కుట్టు పొడవు అన్నిటికన్నా పెద్దగా పెట్టి, చేత్తో తిప్పుతూ పది కుట్లు వేయండి. మిషన్ బాగుంటే ఒక్కో కుట్టు 5 మి.మీ. దగ్గర్లో ఉండాలి, అంటే పది కుట్లకు 50 మి.మీ. అదే 30 మి.మీ.లోపు వస్తే పైన ఫుట్‌ను ఎత్తి జరిపే లివర్లు, క్యామ్ అరిగిపోయినట్టు. ఎక్కువ చాకిరీ చేసిన మిషన్లలో కనిపించే జబ్బు ఇదే. తర్వాత ఫుట్‌ను నాలుగు దిక్కులకూ తిప్పి అదే పని చేయండి. ఒక వైపు కుట్టు పొడుగ్గా, ఒక వైపు పొట్టిగా వస్తే అదీ అరుగుదలే.

ఆఖరున మిషన్ చేయి చివర, బాబిన్ కూర్చునే షటిల్‌ను వేలితో పట్టుకుని, రెండో చేత్తో చక్రాన్ని కొద్దిగా ముందుకూ వెనక్కూ కదపండి. మిషన్ చేయి లోపల పళ్ల కడ్డీ ఒకటి చిన్న గేరును తిప్పి షటిల్‌ను ఆడిస్తుంది. అక్కడ లూజు ఉంటే చక్రం కదిలినా షటిల్ కాసేపు కదలదు. ఆ కాసేపే కుట్టు తప్పడానికి కారణం: సూది దగ్గర దారం ఉచ్చు తయారయ్యే క్షణానికి షటిల్ మొన రాదు. ఎంత మంచి సూది వేసినా, టెన్షన్ ఎంత తిప్పినా ఇది పోదు. కొద్దిపాటి లూజు సహజం, దాంతో ఏళ్ల తరబడి కుట్టేవాళ్లున్నారు. బాగా ఎక్కువైతే గేరు, కడ్డీ మార్చాలి.

భాగాల విషయంలో 29కె అదృష్టవంతురాలు. లూధియానాలో ఈ మోడల్‌కు నకళ్లు చాలాకాలంగా తయారవుతున్నాయి. వాటి విడిభాగాలు కొన్ని నేరుగా సరిపోతాయి, కొన్నింటిని ఆకురాయితో కొంచెం రాసి కూర్చోబెట్టాలి. సూది 29×4, తోలు మొన ఉన్నది. బట్టకైతే 29×3. మామూలు సూది పొడవు సరిపోదు కాబట్టి ఏదో ఒకటి తొడిగి మిషన్ పాడైందనుకోవద్దు. పై దారం తలలోని గొట్టం గుండా కిందికి దిగాలి, దానికి సన్నటి వైరు ఒకటి కావాలి. పాత మిషన్‌తో ఆ వైరు దాదాపు ఎప్పుడూ రాదు, గట్టి తీగతో చేసుకోవచ్చు.

ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. ఫుట్ అడుగున పళ్లుంటాయి, అవి పైకి కనిపించే వైపే గుర్తులు వేస్తాయి. బూటు మరమ్మతులో ఎవరూ పట్టించుకోరు. లేత రంగు వెజిటబుల్ టాన్ (చెట్ల బెరడుతో శుద్ధి చేసిన) తోలుతో కొత్త పర్సు చేస్తుంటే ఆ గీతలు మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఫుట్ పళ్లు అరగదీస్తే గుర్తులు తగ్గుతాయి, పట్టు కూడా తగ్గుతుంది. కొత్త సరుకు తయారుచేసి అమ్మాలనుకునేవాళ్లకు 29కె మొదటి మిషన్‌గా వద్దని నేను చెప్పేది ఇందుకే.

111డబ్ల్యూ155: బ్యాగులు, సీట్లు, పర్సులు

‘డబ్ల్యూ’ అంటే అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్ ఫ్యాక్టరీ. వీలర్ అండ్ విల్సన్ కంపెనీని సింగర్ కొన్నప్పుడు ఆ ఫ్యాక్టరీ కూడా దాని చేతికి వచ్చింది. ఇది బల్లపరుపు మిషన్. పైన చెప్పిన మూడు కలిసి జరిగే ఏర్పాటు దీనిది. సోఫాలు, కారు సీట్లు, టార్పాలిన్లు, బ్యాగులు కుట్టే ఇప్పటి మిషన్లలో చాలావరకు ఈ దారిలోనే వచ్చాయి.

కొత్తగా బ్యాగులు, పర్సులు చేయాలనుకునేవారికి ఈ మూడింటిలో నేను చెప్పేది ఇదే. టెక్స్ 135 దారం వరకు బాగా పడుతుంది. మొత్తం మందం 8, 9 మి.మీ. దాకా ఫుట్ కిందికి వెళ్తుంది. సూదులు 135×16, తోలు మొన ఉన్నవి. 135×17 బట్ట, కాన్వాసు రకాలకు. ఈ 135×17నే మన షాపుల్లో డీపీ×17 అని అడిగితే వెంటనే ఇస్తారు, ఎందుకంటే ఇప్పటి వాకింగ్ ఫుట్ మిషన్లూ అదే వాడతాయి. పాత మిషన్‌కు ఇది చిన్న సౌకర్యం కాదు. టెక్స్ 135కు 130 లేదా 140 నంబరు సూది, టెక్స్ 90కి 110. ఆ సంఖ్యను వందతో భాగిస్తే సూది మందం మి.మీ.లలో వస్తుంది.

లోటుపాట్లు రెండు. రివర్స్ లేదు. కుట్టు చివర తోలును అటు తిప్పి రెండు మూడు కుట్లు వెనక్కి వేయాలి, లేదా దారాలు కిందికి లాగి ముడివేసి కాల్చాలి. మంచి పనివాళ్లు ఎలాగూ అదే చేస్తారు. రెండోది, బల్లపరుపు కాబట్టి పూర్తయిన బ్యాగు మూల మీద కుట్టడం కష్టం. ముందుగా ఆలోచించి, ముక్కలు విడిగా ఉన్నప్పుడే కుట్టే క్రమం పెట్టుకోవాలి.

చక్రం తిరుగుతున్నా కింద దారం ఉచ్చును పట్టే హుక్ తిరగని 111డబ్ల్యూ155 ఒకటి ఎదురైతే కంగారు పడకండి. దారం ఇరుక్కున్నప్పుడు హుక్ విరగకుండా విడిపోయే సేఫ్టీ క్లచ్ దీనిలో ఉంది. చాలామంది మిషన్ విరిగిందని తక్కువకు అమ్మేస్తుంటారు. ఇరుక్కున్న దారం తీసి క్లచ్ తిరిగి కలపడమే పని, విధానం మాన్యువల్‌లో ఉంటుంది. అసలు చూడాల్సింది హుక్ మొన. భూతద్దంతో చూస్తే మొన పదునుగా, గీతలు లేకుండా ఉండాలి. మొన విరిగినా, తుప్పు తిన్నా కొత్త హుక్ కొనాలి, ఈ మిషన్‌లో ఖరీదైన భాగం అదే. తర్వాత ఫుట్‌లు రెండూ ఒకే ఎత్తుకు లేస్తున్నాయో చూడండి. తేడా ఉన్నా సర్దుకోవచ్చు, దాన్ని చూసి వదిలేయనక్కర్లేదు.

45కె: బెల్టులు, పట్టీలు, జీనులు

టెక్స్ 270 దారం, 10 మి.మీ. దాటిన గట్టి తోలు. ఇది కావాలనుకునేవాళ్లు వేరే జాతి. పెద్ద కుక్కల పట్టీలు, పోలీసు బెల్టులు, గుర్రపు సామాను, పనిముట్ల సంచులు చేసేవాళ్లకు 111 చాలదు. సూది దిగుతుంది కానీ లావు దారాన్ని బిగించి ముడిని తోలు మధ్యలోకి లాగే శక్తి దానికి లేదు. 45కెకి ఉంది. నెమ్మదిగా, గట్టిగా, ఒకే తీరుగా కుడుతుంది.

కింది పళ్ల ముద్రలు వెనక వైపు లోతుగా పడతాయి. బెల్టుకు అస్తరు వేసేటట్టయితే ముందే ఆలోచించాలి. ఉప రకాలు ఎన్నో ఉన్నాయి, సూదులు కూడా రకాన్ని బట్టి మారతాయి, ఇప్పుడు దొరకని సూది వాడే రకం అంటగడితే అది అలంకారానికే. అందుకే నా నియమం: మిషన్ కన్నా ముందు దాని సూదుల ప్యాకెట్ కొనగలిగితేనే మిషన్ కొనండి. ముందు ఆరె పొడిచి తర్వాత సూది దారం వేసే లాండిస్ లాంటి జీను మిషన్లు కూడా కొన్నిచోట్ల కనిపిస్తాయి. వాటి కుట్టు అందం ఇంకే మిషన్‌కూ రాదు. అయినా మొదటి మిషన్‌గా వాటి జోలికి వెళ్లొద్దు.

పాతదా, కొత్త నకలా?

చేత్తో తిప్పే చైనా ప్యాచర్ (29కె తరహా మరమ్మతు మిషన్) ఇప్పుడు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వస్తోంది. దాని పోత ఇనుము గరుకుగా ఉంటుంది, అంచులు దారాన్ని కోస్తాయి. ఓపికగా సన్నటి ఎమరీ కాగితంతో దారం తగిలే చోటల్లా నున్నగా చేసుకుంటే పనికొస్తుంది. సరదాగా నేర్చుకునేవారికి అది చాలు. రోజువారీ మరమ్మతుకు అరగని 29కె దొరికితే దానికే వెళ్లండి. అరిగిన 29కె, లూధియానా కొత్త మిషన్ రెండూ ఒకే ధరకు వస్తుంటే కొత్తదే మేలు.

బ్యాగుల విషయంలో నా లెక్క వేరు. రివర్స్, పెద్ద బాబిన్ ఉన్న వాడిన వాకింగ్ ఫుట్ మిషన్, జూకీ కంపెనీదో, కాన్‌స్యూ కంపెనీదో, అందుబాటు ధరలో ఉంటే 111 కన్నా అవి సుఖం. 111 చాలా చవగ్గా, మంచి హుక్‌తో దొరికినప్పుడే దానికి అర్థం. ఇక మందపాటి బెల్టులకైతే గొట్టంలాంటి చేయి ఉన్న జూకీ 441 తరహా మిషన్లున్నాయి. సూది 794, మూడు కలిసి జరిగే ఫీడ్, గుర్తులు తక్కువ. వ్యాపారంగా చేసేవారికి 45కె మీద ప్రేమ ఉన్నా 441 కొనమనే చెబుతాను.

తుప్పు పోతుంది, అరుగుదల పోదు

బిగుసుకుపోయిన మిషన్‌ను చూసి భయపడే వాళ్లు, నున్నగా తిరుగుతోందని మురిసిపోయే వాళ్లు ఇద్దరూ తలకిందులుగా చూస్తున్నారు. బిగుసుకోవడానికి కారణం చాలాసార్లు ఎండిపోయిన పాత నూనె, అది బంకలా మారి ఉంటుంది. అలాంటి మిషన్ లోపల అరగకుండా భద్రంగా ఉండవచ్చు. మరీ వదులుగా తిరిగేది దశాబ్దాలు చాకిరీ చేసి ఉండవచ్చు.

బిగుసుకున్నదాన్ని చక్రం పట్టుకుని బలంగా తిప్పొద్దు. కదిలే ప్రతి కీలులో కిరసనాయిలు చుక్కలు వేసి ఒక రోజు వదిలేయండి, తర్వాత హెయిర్ డ్రయర్‌తో వెచ్చచేసి, చక్రాన్ని కొద్దిగా అటూ ఇటూ ఊపండి. కదలిక మొదలైతే మళ్లీ చుక్కలు, మళ్లీ ఊపు. వదులయ్యాక కిరసనాయిలు పూర్తిగా తుడిచి, మిషన్ ఆయిల్ వేయండి. తుప్పు వదిలించే స్ప్రేలు బంకను కరిగిస్తాయి కానీ నూనె పని చేయవు. అవి వేసి అలాగే నడిపితే కీళ్లు పొడిగా రాసుకుంటాయి.

నల్ల పెయింటు, బంగారు బొమ్మల మీద స్పిరిట్, థిన్నర్ పెట్టకండి. పైన ఉన్న లక్క పూత స్పిరిట్‌కు కరిగిపోతుంది, బంగారు రంగు తెల్లబడుతుంది. దూదికి మిషన్ ఆయిల్ పట్టించి మెల్లగా తుడవడమే సరైన పద్ధతి.

స్క్రూల దగ్గర తొందర వద్దు. సింగర్ తన సొంత మరల కొలత వాడింది, మన హార్డ్‌వేర్ షాపు మెట్రిక్ స్క్రూ సరిపోదు. బలవంతంగా బిగిస్తే పోతలోని మరలే పాడవుతాయి. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి, రాకపోతే సోల్డరింగ్ ఐరన్ కొనతో స్క్రూ తలను వేడిచేయండి. విప్పే ప్రతి భాగాన్నీ ముందు ఫొటో తీయండి. బుష్ (షాఫ్ట్ తిరిగే చిన్న గొట్టం) అరిగితే బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో మంచి లేత్ పనివారు కొత్తది తిప్పి ఇస్తారు. పాత బుష్, అది కూర్చునే షాఫ్ట్ రెండూ తీసుకెళ్లాలి, కొలత కాగితం చాలదు.

టైమింగ్ (సూది, హుక్ కలిసే క్షణం) సరిచూసేటప్పుడు సూదిని పూర్తిగా కిందికి దించి, తిరిగి సుమారు 2 మి.మీ. పైకి లేపండి. సరిగ్గా అప్పుడు హుక్ మొన సూది కంటికి కొంచెం పైన, సూదికి తగలకుండా, కాగితం మందం దూరంలో ఉండాలి. కొత్త సూది, సరైన రకం సూది వేశాకే ఈ పరీక్ష చేయాలి. పాత సూదితో సరిచేసిన టైమింగ్ కొత్త సూదితో తప్పవచ్చు.

మోటారు గురించి ఒక్క మాట. పాత క్లచ్ మోటారు కాలు పెట్టగానే దూకుతుంది, తోలుకు అది పనికిరాదు. నెమ్మదిగా ఒక్కో కుట్టు వేయనిచ్చే సర్వో మోటారు పెట్టించండి, దానితో పాటు మోటారుకు చిన్న పుల్లీ వేస్తే వేగం తగ్గి, గుచ్చే బలం పెరుగుతుంది. అమెరికా నుంచి 111 తెచ్చుకోవాలనుకునేవారు తల మాత్రమే తెచ్చుకోండి. అక్కడి 110 వోల్టుల మోటారు, బల్ల ఇక్కడ దండగ. బల్ల, స్టాండ్, 220 వోల్టుల సర్వో మన ఊళ్లోనే దొరుకుతాయి. తల పెట్టెలో పెట్టేముందు సూది, బాబిన్, పైకి పొడుచుకొచ్చిన దారం స్టాండ్ విడిగా తీసి, చక్రం కదలకుండా కట్టి, ఫుట్ కింద తోలు ముక్క పెట్టి దించండి.